తాళపత్రాల ఫొటోలు కెమెరాలో కనిపించాయి, కార్డులో తెరుచుకోవడం లేదు. దయచేసి సాయం చేయండి

ఘంటం:

అందరికీ నమస్కారం. బాపట్ల దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఫొటోలు తీయడం నా వృత్తి కాదు. ఒకే ఒక్క పని కోసం కెమెరా కొన్నాను, ఆ పనే నీళ్ళపాలయ్యేట్టుంది. నిన్న రాత్రి నుంచి కంటి మీద కునుకు లేదు. ఏ వివరం పనికివస్తుందో తెలియదు గనుక అన్నీ రాస్తున్నాను, మన్నించండి.

మా ముత్తాత తండ్రిగారు ఊరి వైద్యులు. ఆయన స్వహస్తంతో రాసుకున్న వైద్య గ్రంథం రెండు తాటాకు కట్టలుగా రేపల్లె వైపు మా బాబాయి ఇంట్లో ఉంది. ఏటా దసరాల్లో సరస్వతీ పూజ నాడు అటక మీద నుంచి దించుతారు. పసుపు గుడ్డ విప్పి, పూజ అయ్యాక కొత్త వస కొమ్ములు పెట్టి, మళ్ళీ కట్టేస్తారు. అంతే, ఏడాదంతా ఇంకెవరూ ముట్టుకోకూడదు. మూడేళ్ళుగా అడుగుతుంటే ఈసారి ఒప్పుకున్నారు. ‘‘ఒక్కసారే తల్లీ. ఆకు పెళుసెక్కింది. మాటిమాటికీ విప్పితే నా చేతుల్లోనే విరిగేట్టుంది’’ అన్నారు.

మొదటి కట్టలో 137 ఆకులు, రెండవ దానిలో 94. రెండు వైపులా కలిపి 462 ఫొటోలు. ఆకు మూరెడుకు కాస్త తక్కువ పొడవు, అంగుళమున్నర వెడల్పు. ఒక్కో వైపు ఏడు వరుసలు. పూర్వం పూసిన మసి చాలా చోట్ల రాలిపోయింది. అలాంటి చోట ఎదురుగా వెలుతురు పడితే అక్షరం కనిపించదు. కిటికీ దగ్గర పక్కవాటుగా ఎండ పడేట్టు పెడితే ఘంటం గీసిన గాడిలో సన్నటి నీడ నిలిచి, ఉన్నట్టుండి అక్షరం లేచి వస్తుంది. ఆ వెలుగు కోసం నల్లగుడ్డ పరిచిన పీటను గంటకొకసారి జరుపుకుంటూ ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా తీశాను. బాబాయి ఒక్కో ఆకూ తిప్పారు, నేను మీట నొక్కాను. నొక్కిన ప్రతిసారీ ఫొటో తెర మీద రెండు సెకన్లు కనిపించింది. ప్రతిదీ కళ్ళారా చూశాను.

ఇంటికి వచ్చి కార్డును కంప్యూటర్లో పెడితే 207వ ఫొటో వరకు చక్కగా ఉన్నాయి. 208వది సగమే. ఆకు మీద మొదటి మూడు వరుసలు కనిపిస్తున్నాయి, కింద అంతా బూడిద రంగు. మూడవ వరుస చివర ‘శొంఠి పిప్పళ్ళు’ అని ఉంది. నాలుగవ వరుస ఉండవలసిన చోట ఏమీ లేదు. ఆ తర్వాతి ఫొటోలకు పేర్లున్నాయి, సైజులున్నాయి, కానీ ఒక్కటీ తెరుచుకోదు.

వేరే కార్డ్ రీడర్‌తో చూశాను. మావారి ల్యాప్‌టాప్‌లో చూశాను. తిరిగి కెమెరాలో పెడితే 208 నుంచి ‘ఈ చిత్రాన్ని చూపలేము’ అంటోంది. అవి తిరిగి వచ్చే దారి ఉందా? తప్పు కెమెరాదా, కార్డుదా, నాదా?

పాతకెమెరా:

ఘంటం గారూ, ముందుగా ఒక మాట. ఆ కార్డుతో ఇక ఒక్క ఫొటో కూడా తీయకండి. కంప్యూటర్ ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడిగినా, ‘లోపాలు సరిచేయాలా?’ అని అడిగినా వద్దనండి. తెరుచుకునే 207 ఫొటోలను ఇప్పుడే రెండు చోట్లకు కాపీ చేయండి.

ఫొటోలు భద్రం కాకపోవడానికి మామూలుగా కనిపించే కారణాలు మీ విషయంలో పొసగడం లేదు. కార్డు పక్కన ఉండే చిన్న తాళం మీట కిందికి జారితే కెమెరా అసలు తీయనే తీయదు. కార్డు లేకపోయినా ఫొటో తీసే మీట పనిచేసే సెట్టింగు కొన్ని కెమెరాల్లో ఉంటుంది. ఆ సెట్టింగులో కార్డు పెట్టడం మరిచిపోతే ఫొటో తెర మీద మెరిసి మాయమవుతుంది, మీకేమో పేర్లు మిగిలాయి. ఫోల్డరు సంఖ్య 999కి, ఫొటో సంఖ్య 9999కి చేరితే ఇక భద్రపరచలేనని కెమెరా మొరాయిస్తుంది గానీ సగం ఫొటో రాయదు.

మూడు సంగతులు చెప్పండి. కార్డు ఎన్ని జీబీలు? ‘రా’ (కెమెరా పట్టిన ముడి ఫైలు), జేపెగ్ (కుదించిన ఫొటో) రెండూ తీశారా, ఒక్కో ఫొటో సైజు ఎంత? కార్డు ఎక్కడ కొన్నారు?

ఘంటం:

పాతకెమెరా గారూ, ఇంత త్వరగా స్పందించినందుకు కృతజ్ఞతలు. 207 ఫొటోలూ మావారి ల్యాప్‌టాప్‌లోకి, ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను.

కార్డు 128 జీబీ. కెమెరా 24 మెగాపిక్సెళ్ళ డీఎస్ఎల్ఆర్, పాతది కొన్నాను. రెండు రకాలూ తీశాను. రా ఫైలు 28 ఎంబీ, జేపెగ్ 10 ఎంబీ చొప్పున కనిపిస్తున్నాయి, కాస్త అటూ ఇటూ. కార్డు ఆన్‌లైన్లో కొన్నాను. పేరున్న కంపెనీ ముద్రే ఉంది. మిగతా చోట్ల అడిగిన ధరలో మూడో వంతుకే వచ్చింది. అప్పుడు సంతోషించాను.

కొన్న వారంలో బడిలో పిల్లలవి ఓ యాభై ఫొటోలు తీసి చూసుకున్నాను, అన్నీ బాగా వచ్చాయి. తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చేసి దసరాకు తీసుకెళ్ళాను. అందుకే అనుమానం రాలేదు.

వెలుగునీడ:

తెనాలిలో చిన్న స్టూడియో నడుపుతాను. 19 ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. అమ్మా, మీరు ఇచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది. చెప్పడానికి మనసు రావడం లేదు గానీ చెప్పాలి.

28కి 10 కలిపితే ఫొటోకు 38 ఎంబీ. 207ను 38తో హెచ్చవేయండి. 7,866 ఎంబీ వస్తుంది. అంటే 8 జీబీ కార్డు నిండే చోటు. సరిగ్గా అక్కడే మీ ఫొటోలు ఆగాయి. మీ చేతిలో ఉన్నది 128 జీబీ కార్డు కాదు. 8 జీబీ కార్డు మీద 128 అని ముద్ర వేసి, ‘నేను 128’ అని కెమెరాకు అబద్ధం చెప్పేలా దాని లోపలి చిప్పును మార్చారు.

ఇలాంటి కార్డు నిండినా ‘నిండాను’ అనదు. కెమెరా ఏది పంపినా ‘రాసుకున్నాను’ అంటుంది. కెమెరాకు నమ్మడం తప్ప వేరే దారి లేదు. ఇక పేర్లు, సైజులు ఎందుకున్నాయంటే, అవి ఫొటోలో భాగం కావు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కార్డు మొదట్లో ఉంటుంది. ఆ మొదటి 8 జీబీ నిజమైనదే కాబట్టి పట్టిక చెక్కుచెదరలేదు. చిట్టాలో పద్దు ఉంది, గోదాములో బస్తా లేదు. అంతే సంగతి.

మీరు కళ్ళారా చూసిన మాట నిజమే. అయితే మీట నొక్కగానే తెర మీద కనిపించేది కార్డులోంచి వచ్చింది కాదు. కెమెరా తన సొంత మెమొరీలో కాసేపు పట్టి ఉంచుకున్న చిత్రం అది. కార్డులో పడిందో లేదో దానివల్ల తెలియదు. నాకూ ఇది ఒక పెళ్ళి తర్వాతే తెలిసింది. తలంబ్రాల దాకా ఉన్నాయి, అప్పగింతల ఫొటోలు లేవు. ఆ ఇంటి గడప తొక్కి చెప్పిన రోజు ఇప్పటికీ మరవలేదు.

అనుమానం తీరాలంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్‌లో నడుస్తుంది. లినక్స్ వాళ్ళకు ఎఫ్3 ఉంది. కార్డు నిండా తనకు తెలిసిన సమాచారం రాసి, మళ్ళీ చదివి, ఎంత దక్కిందో చెబుతుంది. కార్డును ముందు ఖాళీ చేయాలి, తర్వాత అది అంతా నింపుతుంది కాబట్టి మీ 207 ఫొటోల కాపీలు ఒక్కొక్కటిగా తెరిచి చూసుకున్నాకే నడపండి. సగం వచ్చిన 208 కూడా దాచండి.

అరణ్యం:

ఘంటం గారూ, అప్పుడే ఆశ వదులుకోకండి. నల్లమలలో తీసిన ఫొటోలు పొరపాటున డిలీట్ చేసుకుంటే ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాదాపు అన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. హైదరాబాదులో డేటా తీసిపెట్టే దుకాణాలు కూడా ఉన్నాయి. ఒకసారి చూపించండి.

ఆ సగం ఫొటో గురించి బెంగ అక్కరలేదనుకుంటాను. శొంఠి, పిప్పళ్ళ తర్వాత మిరియాలే కదా. ఈ మూడూ కలిపిన త్రికటుకం అందరికీ తెలిసినదే.

వెలుగునీడ:

అరణ్యం గారూ, మీ అనుభవం నిజం, కానీ సందర్భం వేరు. డిలీట్ చేస్తే పట్టికలో పద్దు పోతుంది, బస్తా గోదాములోనే ఉంటుంది. ఫొటోరెక్ ఆ బస్తాలను వెతికి బయటికి తెస్తుంది. ఇక్కడ బస్తా గోదాములోకి రానే లేదు. రాయని దాన్ని ఏ దుకాణమూ చదవలేదు. ఫొటోరెక్ నడపడంలో నష్టం లేదు. కార్డులో ఏమీ రాయకుండా చదువుతుంది, దొరికినవి కంప్యూటర్లోకి వేస్తుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యు కంటే ముందే నడపండి అమ్మా, మీ మనశ్శాంతి కోసం. వేలకు వేలు మాత్రం ఎక్కడా కట్టకండి.

ఘంటం:

అందరికీ ఫలితం చెప్పాలి.

ఫొటోరెక్ నడిపాను. 207 ఫొటోలు, సగం వచ్చిన 208 దొరికాయి. మొన్నటి పిల్లల ఫొటోల్లో ఒక్కటి కూడా రాలేదు. పాతవాటి మీదే కొత్తవి రాసుకున్నట్టుంది. 209 తర్వాత ఏమీ దొరకలేదు.

ఆపైన కార్డు ఖాళీ చేసి, రాత్రి తొమ్మిదింటికి హెచ్2టెస్ట్‌డబ్ల్యు పెట్టి పడుకున్నాను. పొద్దున బడికి బయలుదేరే వేళకు ముగిసింది. కంప్యూటర్ లెక్క ప్రకారం 119 జీబీ కార్డు. అందులో 7.4 జీబీ మంచిదట. మిగిలిన 111 పైచిలుకు పోయిందని ఎర్రటి అక్షరాలతో చూపించింది. వెలుగునీడ గారూ, మీరు అంకెలు చూసి చెప్పినదే అక్షరాలా నిజమైంది.

ఇప్పుడు పోయినవి లెక్క వేసుకున్నాను. 255 ఫొటోలు. మొదటి కట్టలో 104వ ఆకు వెనక వైపు, 105 నుంచి 137 దాకా రెండు వైపులా, రెండవ కట్ట మొత్తం. అంటే 128 ఆకులు మళ్ళీ తిప్పాలి. బాబాయికి 78 ఏళ్ళు. ఒక్కసారే అన్నారు. నాన్న ఉండి ఉంటే ఆయన చేత అడిగించేదాన్ని. ఏ ముఖం పెట్టుకుని అడగను?

అరణ్యం గారూ, ‘మిరియాలే కదా’ అని నాకూ అనిపించింది. కానీ ఊహించి రాసుకోవడానికైతే ఆకును విప్పడం ఎందుకు? ఆయన ఏం రాశారో అదే నాకు కావాలి.

తాళపత్ర సేవ:

ఒక గ్రంథాలయంలో పాత పత్రికలను, తాళపత్రాలను డిజిటల్ చేసే పని చేస్తున్నాను. మీ చివరి వాక్యం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మళ్ళీ అవకాశం దొరికితే ఇలా చేయండి.

కార్డు మీద ఆధారపడకండి. కెమెరాను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, మీట ల్యాప్‌టాప్ నుంచే నొక్కవచ్చు. డిజికామ్‌కంట్రోల్ అని విండోస్‌కు ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మీ కెమెరా దాని జాబితాలో ఉందేమో చూసుకోండి. ఫొటో నేరుగా ల్యాప్‌టాప్ డిస్కులో పడుతుంది, అక్కడి నుంచే తెరుచుకుని పెద్ద తెర మీద కనిపిస్తుంది. అక్షరం మసకబారితే ఆకు ఇంకా పీట మీద ఉండగానే తెలుస్తుంది. మేము చేసేది ఇదే. కెమెరా చేతితో తాకనక్కరలేదు కాబట్టి కదలిక కూడా ఉండదు.

కేబుల్ కుదరకపోతే 32 జీబీవి రెండు కార్డులు కొనండి, తెలిసిన దుకాణంలో, రసీదుతో. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యు నడపండి. యాభై ఫొటోలు తీసి చూడటం పరీక్ష కాదు, కార్డు నిండాలి. నకిలీ కార్డు తొలి భాగంలో ఎప్పుడూ బుద్ధిగానే ఉంటుంది. పని మధ్యలో ఇరవై ఆకులకు ఒకసారి ఆగి, కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో తెరవండి.

ఫొటోల పేర్లు కెమెరా ఇచ్చినవే ఉంచకండి. కట్ట సంఖ్య, ఆకు సంఖ్య, ముందు లేదా వెనక అని పెట్టండి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి ప్రతి వైపు మొదటి మాట, చివరి మాట నోటుపుస్తకంలో రాయించండి. ఆకులు వరుస తప్పి గుచ్చి ఉంటే ఆ పుస్తకమే దారి చూపుతుంది.

ఆకు వంగి ఉంటే బలవంతంగా చదును చేయకండి, వంపుతోనే తీయండి. నిమ్మగడ్డి నూనె రాయమని ఎవరైనా చెబితే సొంతంగా ప్రయత్నించకండి, అది చేయి తిరిగినవారి పని. ఫ్లాష్ వద్దు. మీ కిటికీ ఎండ మంచి ఆలోచనే, అయితే నేరుగా ఆకు మీద పడే ఎండకు అడ్డంగా పలుచని తెల్లపంచె కట్టండి.

బాబాయి గారిని ఎలా అడగాలో మీకే తెలుసు. నా అనుభవం ఒకటి చెబుతాను. ఇంతవరకు వచ్చిన ఫొటోలు ముందు ఆయనకు చూపించండి. పెద్దవాళ్ళు చాలామంది ఆ అక్షరాలను అంత పెద్దగా ఎప్పుడూ చూసి ఉండరు.

ఘంటం:

ఇన్నాళ్ళు రాయనందుకు క్షమించండి. పని పూర్తయ్యాకే రాయాలనుకున్నాను.

తాళపత్ర సేవ గారు చెప్పినట్టే చేశాను. ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కి వెళ్ళాను. ఏమీ అడగలేదు. 12వ ఆకు తెరిచి, ఒక్క అక్షరం తెర నిండా వచ్చేలా పెద్దది చేసి చూపించాను. బాబాయి కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. ‘ళ’ రాసేటప్పుడు ఘంటం చివర కాస్త జారినట్టుంది, గాడి సన్నగా తోక లాగా సాగింది. ఆయన దాన్ని వేలితో తెర మీద తడిమారు. ‘‘మా తాత చెప్పేవాడు, ముసలాయన చేతికి వణుకు ఉండేదని’’ అన్నారు. అలా గంటన్నర 207 ఫొటోల్లో సగానికి పైగా చూశారు.

తర్వాత 208 చూపించాను. బూడిద రంగును చూసి ఇది ఏమిటన్నారు. జరిగినదంతా చెప్పాను. కార్డు సంగతి, ధర సంగతి, నేను సంతోషించిన సంగతి కూడా. చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, ‘‘మిరియాలే అయి ఉంటాయి. అయినా చూడకుండా ఎలా చెబుతాం? రెండో శనివారం రా’’ అన్నారు.

రెండో శనివారం నేను వెళ్ళేసరికి స్నానం చేసి, దీపం పెట్టి, కట్టలు దించి సిద్ధంగా ఉన్నారు. పదో తరగతి చదివే మా విద్యార్థిని ఒకమ్మాయి నాతో వచ్చి ప్రతి వైపు మొదటి మాట, చివరి మాట రాసింది. కేబుల్‌తో తీశాను. మీట నొక్కిన మూడు నాలుగు సెకన్లకు ఆకు ల్యాప్‌టాప్ తెర మీద పరుచుకునేది. బాబాయి అది చదివి సరేనన్నాకే తిప్పేవారు. మధ్యలో రెండు చోట్ల మసకగా వస్తే అక్కడికక్కడే మళ్ళీ తీశాను. రెండవ కట్టలో 41వ ఆకు, 42వ ఆకు తారుమారయ్యాయని అమ్మాయి నోటుపుస్తకం చూసి పట్టుకుంది. 255 ఫొటోలకు ఆరున్నర గంటలు పట్టింది. 67వ ఆకు అంచు మాత్రం గోరంత విరిగింది. ఆ ముక్కను కాగితంలో చుట్టి కట్టలోనే ఉంచాం.

ఇప్పుడు 462 ఫొటోలు మూడు చోట్ల ఉన్నాయి. ఒక హార్డ్ డిస్క్ నా దగ్గర, ఒకటి బాబాయి ఇంట్లో, మూడవది తాళపత్ర సేవ గారు చెప్పిన చోట ఇచ్చాను. నకిలీ కార్డును విరగ్గొట్టేశాను, పొరపాటున కూడా ఇంకొకరి చేతిలో పడకూడదని.

వెలుగునీడ గారూ, పాతకెమెరా గారూ, అరణ్యం గారూ, మీ అందరికీ ఒక విషయం చెప్పాలి. ఆ రోజు మొట్టమొదట తీసింది 104వ ఆకు వెనక వైపే. నాలుగవ వరుస ‘మోడి’ అని మొదలైంది, అంటే పిప్పలి వేరు. తర్వాత చవ్యము, చిత్రమూలము, ఐదూ సమపాళ్ళు అని ఉంది. అక్కడ మిరియాలు లేవు. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివి, ‘‘త్రికటుకం కాదమ్మా, పంచకోలం’’ అన్నారు.

రెండు 208లనూ పక్కపక్కన పెట్టి ఇక్కడ జత చేస్తున్నాను.